సత్తిబాబు లేడా అండీ?

లైబ్రరీ పుస్తకాన్ని తడి చేత్తో ముట్టుకోని మనిషిని నేను. పేజీ మడత పెట్టను. ముందు చదివినవాళ్ళు మడిచి ఉంటే గోటితో సాపు చేసి మరీ తిరిగిస్తాను. అలాంటివాడు ఇంత పెద్ద అబద్ధం ఆడతాడా, మీరే చెప్పండి. జరిగింది జరిగినట్టే చెప్తాను. ఒక్క ముక్క కలపను. నమ్మకపోతే... మీ ఇష్టం. నాకే ఒక్కోసారి నమ్మబుద్ధి కాదు.

తొంభై ఎనిమిదిలో సంగతి. అప్పుడు నేను నిడదవోలులో ఒక బట్టల కొట్లో పనిచేసేవాణ్ణి. పదో తరగతి లెక్కల్లో పోయింది. చదువు మాత్రం పోలేదు. పొద్దున్నే కొట్టు తెరవకముందు గంటన్నర లైబ్రరీలోనే ఉండేవాణ్ణి. అక్కడి బీరువాల్లో నేను చదవకుండా వదిలినవి పాత పంచాంగాలు మాత్రమే.

కొట్లో నాతో పాటు సత్తిబాబు ఉండేవాడు. ఒకే ఈడు. ఒకే జీతం. ఒకే బల్ల వెనక ఇద్దరం. కానీ చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఎవరొచ్చినా, గుమ్మంలో చెప్పులు విడుస్తూనే ఒకటే మాట.

"సత్తిబాబు లేడా అండీ?"

వాడు తానుల వెనక నుంచి "ఆయ్!" అని సాగదీసి పలికేవాడు. మా గోదావరి వాళ్ళకి ఆ ఆయ్ ఊపిరి లాంటిది. పిలిస్తే ఆయ్. అడిగితే ఆయ్. ఔనన్నా ఆయే. మనం అనాలనుకోనక్కర్లేదు, నోరే అనేస్తుంది.

ఒకసారి వాడు భోజనానికి వెళ్ళాడు. ఒకావిడ వచ్చి అదే మాట అడిగింది. నేను "ఆయ్" అన్నాను.

"నువ్వు కాదబ్బాయ్. సత్తిబాబు."

ముప్పావు గంట కూర్చుంది ఆవిడ, వాడి కోసం. ఎదురుగా మీటరు బద్ద పట్టుకుని నేను నిలబడే ఉన్నాను.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా యజమాని కొవ్వూరులో రెండో కొట్టు పెట్టే పనిలో ఉన్నారు. దాన్ని ఎవరికి అప్పజెప్తారో అందరికీ తెలుసు. నాకూ తెలుసు. రాత్రి అన్నం ముందు కూర్చుంటే అదే గుర్తొచ్చేది.

దీపావళి బేరాలయ్యాక యజమాని ఒక రోజు సెలవిచ్చారు. ఏజెన్సీ కొండల్లో ఒక జలపాతం ఉందని, దాని దగ్గరికి దారి కూడా సరిగ్గా లేదని అట్ట ఊడిపోయిన ఒక పాత పుస్తకంలో చదివాను. బట్టలు మడత పెడుతూ సత్తిబాబుకి చెప్పాను. మర్నాటికల్లా వాడు నలుగురినీ పోగేశాడు. వాడు, నేను, మా కొట్టు అరుగు మీద మిషను కుట్టే వీర్రాజు గారు, జీపు తోలే డేవిడ్.

తెల్లారేసరికి రాజమండ్రి వంతెన దాటాం. గోకవరం దాటాక కొండలు మొదలయ్యాయి. జీపులో సత్తిబాబు అందుకున్నాడు.

"ఆ నీళ్ళు మూడు మెట్లుగా దూకుతాయంట మావయ్యా. మూడో మెట్టు వెనకాల గుహంట. మనం ఓ మాటంటే అది తాపీగా ఆలోచించుకుని తిరిగి చెప్తాదంట."

"ఓర్నీ! నీకెన్ని తెల్సురా సత్తీ!" అన్నారు వీర్రాజు గారు.

"బుర్రండీ బాబూ ఆడిది," అన్నాడు డేవిడ్.

అవన్నీ నేను చెప్పినవే. మూడు మెట్లు, గుహ, అన్నీ. ఆ 'తాపీగా ఆలోచించుకుని' ఒక్కటే వాడిది. ఉండబట్టలేక, "దాన్ని ప్రతిధ్వని అంటారు. శబ్దం రాతికి తగిలి వెనక్కి వస్తుంది. పుస్తకంలో ఉంది," అన్నాను.

"ఆడు చెప్తే కథలా ఉందిరా చలపతీ. నువ్వు చెప్తే పరీక్షలా ఉంది," అన్నారు వీర్రాజు గారు. ముగ్గురూ నవ్వారు. డేవిడ్ హారన్ కూడా కొట్టాడు.

చివరి గూడెం దగ్గర జీపు ఆపేశాం. అక్కడి నుంచి ఒక వాగు దాటి నడవాలి. మడమ లోతు నీళ్ళు. వాళ్ళు ముగ్గురూ దాటేశారు. నా చెప్పు తెగితే పిన్నీసు పెట్టుకుంటూ వెనకబడ్డాను. అప్పుడు అడ్డాకుల మోపు నెత్తిన పెట్టుకుని ఒక ముసలామె వచ్చి నా దగ్గర ఆగింది.

"నీళ్ళకాడికేనా అయ్యా? అక్కడ పేర్లెట్టి పిల్చుకోకండి. పొద్దు వాలితే మరీని. ఎవరు పిల్చినా పలక్కండి."

"పలికితే ఏమవుద్దమ్మా?"

"పేరు పోద్ది."

"పేరేనా? మనిషికేం కాదా?"

ఆమె నెత్తి మీద మోపు సర్దుకుంది. "పేరు పోయినాక ఇంక మనిషేటయ్యా," అని తన దారిన పోయింది.

నేను నవ్వుకున్నాను. శబ్దం సంగతి చదువుకున్నవాణ్ణి కదా. అయినా ఆ మాట మిగతావాళ్ళకి చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. ఎందుకో నిజం చెప్తాను. చెబితే ఆ ముక్క కూడా సత్తిబాబు నాకంటే బాగా చెప్తాడు. ఇదొక్కటైనా నా దగ్గర ఉండనీ అనుకున్నాను.

జలపాతం పుస్తకంలో ఉన్నట్టే ఉంది. మూడు మెట్లు. కింద నల్లటి మడుగు. స్నానాలు చేశాం. రాళ్ళు పేర్చి వంట మొదలెట్టాం. ఇక చూడండి...

"సత్తీ, ఉప్పేదిరా?" "సత్తీ, ఇటు చూడు, చేప!" "ఒరేయ్ సత్తీ, ఓ పాటందుకో!"

కొండ కాసేపు ఆగి "...త్తీ" అనేది. మళ్ళీ "...త్తీ". అక్కడికొచ్చాక నన్ను పేరుతో పిలిచింది ఒక్కసారి. "చలపతీ, ఆ గిన్నె కడిగెయ్." అది కొండ తిరిగి చెప్పను కూడా లేదు.

ఇంకొకటి కూడా చెప్పాలి. నేను కూడా వాణ్ణి పిలిచాను. పని లేకపోయినా. ముసలామె మాట గుర్తుండే పిలిచాను. గొంతెత్తి, గుహ వైపు తిరిగి... "సత్తిబాబూ!" అని.

మధ్యాహ్నం పైన ఎక్కడో వాన పడింది. మా మీద చినుకు కూడా లేదు. తిరిగి వచ్చేసరికి పొద్దున మడమ లోతున్న వాగు ఛాతీ దాకా వచ్చేసింది. ఎర్రటి నీళ్ళు, కొమ్మలూ రెమ్మలూ. జీపు అవతల. మేం ఇవతల.

"తగ్గుద్దిలెండి. ఇలాంటియి ఎంత బిరీన వస్తాయో అంత బిరీన పోతాయి," అన్నాడు డేవిడ్.

ఒక రాతి మీద కూర్చున్నాం. కార్తీకమాసం కదా, చీకటి తొందరగా పడింది. టార్చిలైటు జీపులోనే ఉండిపోయింది. సత్తిబాబు నాకూ వీర్రాజు గారికీ మధ్య కూర్చున్నాడు. వాడి భుజం నా భుజానికి తగులుతోంది. డేవిడ్ లోలోపల ప్రార్థన చేసుకుంటున్నాడు. వాగు హోరు. వెనకాల దూరంగా జలపాతం హోరు. రెండూ కలిసిపోయి ఒకటే చప్పుడు.

ఆ చప్పుడు సన్నబడింది.

ఉన్నట్టుండి కాదు. ఎవరో రేడియో మీట తిప్పుతున్నట్టు... కొంచెం... ఇంకొంచెం. ఎదురుగా నీళ్ళు అంతే జోరుగా పోతున్నాయి, మసకగా కనిపిస్తూనే ఉంది. చప్పుడు లేదు.

అప్పుడు వెనకాల... తడి రాతి మీద... చెప్పు విడిచిన చప్పుడు.

ఒకటి.

కాసేపాగి... రెండోది.

"సత్తిబాబు లేడా అండీ?"

ఆడగొంతు. ముసలిదీ కాదు, పడుచుదీ కాదు. భయపెట్టే గొంతు కానే కాదు. ఏదో జాకెట్టు ముక్క కోసం వచ్చినట్టు, మామూలుగా, మర్యాదగా.

నేను తల వెనక్కి తిప్పలేదు. పక్కకి తిప్పాను. సత్తిబాబు గడ్డం పైకి లేచింది. కొట్లో లేచినట్టే. పెదాలు విడుతున్నాయి. ఆ ఆయ్ వాడి గొంతులో నాకు కనిపించింది, ఒట్టు. చెయ్యి వేసి వాడి నోరు మూస్తే సరిపోయేది. అంత వ్యవధి ఉంది. ముసలామె మాట కూడా గుర్తొచ్చింది.

కానీ ముందు గుర్తొచ్చింది అది కాదు. ముందు అనుకున్నది... ఇక్కడ కూడా వీడేనా?

"ఆయ్!" అన్నాను.

నేనే. గట్టిగా.

శబ్దం వెళ్ళి రాతికి తగిలి, అన్నవాడి గొంతుతోనే వెనక్కి రావాలి. పుస్తకంలో అలాగే ఉంది. వచ్చింది. ఒక మీటరు గుడ్డ కొలిచేంతసేపు ఆగి, గుహ వైపు నుంచి వచ్చింది.

"ఆ...య్..."

నా గొంతు కాదు. సత్తిబాబుది. తానుల వెనక నుంచి సాగదీసి పలుకుతాడే, అచ్చం అది. వాడు నా పక్కనే ఉన్నాడు. భుజం తగులుతూనే ఉంది. విడబోయిన పెదాలు మళ్ళీ మూసుకుని ఉన్నాయి.

ఆ తర్వాత నీళ్ళ హోరు ఒక్కసారిగా మీద పడింది.

"ఎవర్రా పిలిచింది?" అన్నారు వీర్రాజు గారు.

"ఎవరూ పిల్లేదండీ. చలపతే ఆయ్ అన్నాడు, దేనికో," అన్నాడు డేవిడ్.

సత్తిబాబు వాగు వైపే చూస్తూ కూర్చున్నాడు.

రెండు గంటలకి నీళ్ళు నడుం లోతుకి దిగాయి. తువాళ్ళు ముడేసి పట్టుకుని దాటాం. ముందు వీర్రాజు గారు, వెనక సత్తిబాబు, ఆ వెనక నేను, చివర డేవిడ్. "సత్తీ, అక్కడ నాచు రాయుంది. సత్తీ! ఒరేయ్ సత్తీ!" అని ఆయన అరుస్తూనే ఉన్నారు. వాడు నేరుగా ఆ రాయి మీదే కాలేశాడు. జారాడు. చొక్కా కాలరు పట్టి లాగింది నేనే.

"పిలుస్తుంటే వినపడదేంట్రా నీకు?"

"ఎవరు పిలిచారు మావయ్యా?" అన్నాడు వాడు. అమాయకంగా.

రాజమండ్రిలో డాక్టరుకి చూపించారు. చెవులు శుభ్రంగా ఉన్నాయన్నారు. గుండుసూది పడినా వింటాడు. ఒక్క తన పేరే వినపడదు. కొట్లో గుమ్మం దగ్గర నుంచి ఎవరు పిలిచినా తానులు మడత పెట్టుకుంటూనే ఉండేవాడు. రెండు నెలలు చూశారు జనం. "పొగరెక్కిందండీ కుర్రాడికి," అన్నారు. సంక్రాంతి బేరాల ముందు కొవ్వూరు కొట్టు తాళాలు యజమాని నాకిచ్చారు.

సత్తిబాబు స్టేషన్ దాకా వచ్చి సాగనంపాడు. "ఆ రోజు వాగులో చలపతి లేకపోతే నేను లేనండీ," అని ఇప్పటికీ అందరికీ చెప్తాడు. బాగా చెప్తాడు. నాకంటే బాగా.

ఆ చీకట్లో ఆయ్ అన్నప్పుడు నేను వాణ్ణి కాపాడబోయానా, వాడిది లాక్కున్నానా... ఇన్నేళ్ళయినా తేల్చుకోలేకపోయాను. శబ్దం గురించి దొరికిన పుస్తకాలన్నీ చదివాను. ఇలాంటిది ఎందులోనూ లేదు.

కొవ్వూరు కొట్టు తెరిచిన మొదటి సాయంత్రం ఇంకా కళ్ళకు కట్టినట్టుంది. దీపాలు పెట్టే వేళ. నేను తానులు సర్దుతున్నాను. వెనకాల గుమ్మంలో చెప్పు విడిచిన చప్పుడు. ఒకటి. కాసేపాగి రెండోది.

"సత్తిబాబు లేడా అండీ?"

నిడదవోలు ఆవిడే అయి ఉండొచ్చు. అక్కడ అలవాటుపడి ఇక్కడా అడిగి ఉండొచ్చు. ఎంత దూరం కనుక. వాడు అక్కడే ఉన్నాడమ్మా అని చెప్దామనుకున్నాను. నోరు తెరిచాను.

"ఆయ్!"

వెనక్కి తిరిగాను. నడివయసు మనిషి. ఎప్పుడూ చూసిన ముఖం కాదు. నువ్వు కాదబ్బాయ్ అంటుందేమోనని చూశాను. అంటే బాగుండుననే చూశాను. ఆవిడ తీరిగ్గా బల్ల ముందు కూర్చుంది.

"జాకెట్టు ముక్కలు చూపించు సత్తిబాబూ," అంది.

ఇప్పటికీ నిడదవోలు వెళ్తే వాడింటికి వెళ్తాను. వెనక నుంచి భుజం తట్టి మాట్లాడతాను. పేరు పెట్టి మాత్రం పిలవను. వాడు పలకడని కాదండీ...

నేను పలుకుతానేమోనని.