ప్లాస్టిక్ అరిటాకు

మా చిన్న మావయ్య పోయాక అందరూ ఆయన గురించి మంచే చెప్పుకున్నారు. బెజవాడ గవర్నర్‌పేటలో మొదట్లో ప్లాస్టిక్ సరుకు తెచ్చి అమ్మినవాళ్ళలో ఒకడనీ, ముందుచూపున్న మనిషనీ అన్నారు. ముందుచూపు సంగతి నాకు తెలియదు. తన చెయ్యి దాటిపోయిన వస్తువు తరవాత ఏమవుతుందో ఒక్కసారి కూడా ఆలోచించని మనిషిని మాత్రం దగ్గరనుంచి చూశాను. పోయినవాళ్ళని గౌరవించాలంటారు. నాకు చేతకాలేదు.

అవి డెబ్బైల చివరి రోజులు. నేను భవానీపురంలో ఒక బళ్ళో టీచరుగా చేస్తూ, వారం చివర బస్సెక్కి పామర్రు దగ్గర మా ఊరికి వెళ్ళేదాన్ని. ఊళ్ళో అమ్మ మా కొద్దిపాటి పొలం చూసుకుంటూ, గుళ్ళో, అంటే మా ఊరి చర్చిలో, స్త్రీల సమాజాన్ని నడిపేది. మావయ్య ఆవిడకి తమ్ముడు. ఎరువుల వ్యాపారం చేసి మానేశాడు, గడియారాల షాపు పెట్టి మూసేశాడు. చివరికి పాలిథీన్ షీటు చుట్టలూ కవర్లూ అమ్మడం మొదలుపెడితే అది నిలబడింది. అప్పటినుంచి ఆయనకి కాగితం పొట్లం కనిపిస్తే జాలి, గోనెసంచి కనిపిస్తే నవ్వు. మా వంటింట్లో వెదురుతట్ట చూసి, "నువ్వింకా ఏ కాలంలో ఉన్నావక్కా" అనేవాడు. టెరిలిన్ చొక్కా తొడుక్కున్నంత మాత్రాన తాను కొత్త కాలంలోకి వెళ్ళిపోయానని ఆయన నమ్మకం.

ఏటా కోతలయ్యాక మా గుళ్ళో కోతపండుగ చేసేవాళ్ళం. ఆరాధన తరవాత అందరూ కలిసి భోజనం. గుడికి రాని ఇళ్ళవాళ్ళనీ పిలిచేవాళ్ళం. తోటలున్నవాళ్ళు అరిటాకులు పంపేవాళ్ళు. చాలకపోతే ఆడవాళ్ళం కూర్చుని బాదం ఆకుల్ని కొబ్బరి ఈనెలతో విస్తళ్ళుగా కుట్టేవాళ్ళం. తిన్నాక ఎంగిలాకులు గుడి వెనకున్న పెంటపోగులో పడేవి. కొన్ని గేదెలు తినేవి. మిగిలినవి పేడలో కలిసి కుళ్ళి, వేసవిలో ఎరువై పొలాలకి వెళ్ళిపోయేవి. అందులో గొప్ప ఏదో ఉందని మాకెవరికీ తోచలేదు.

ఆ ఏడు గాలివానకి అరటితోటలు పడిపోయాయి. అమ్మ ఆడవాళ్ళని బాదం ఆకులకి పంపబోతుంటే మావయ్య దిగాడు. నేరుగా పాస్టరుగారి దగ్గరకి వెళ్ళాడు.

"అయ్యగారూ, ఆకుల బెంగ మీకొద్దు. బెజవాడలో కూడా ఎవడూ చెయ్యని పని మన గుళ్ళో చేసి చూపిస్తా."

పాస్టరుగారు మెత్తని మనిషి. ఎవరు గట్టిగా మాట్లాడితే వాళ్ళ మాటే దేవుడి చిత్తమనుకునేవారు. సరేనన్నారు.

పండుగ ముందురోజు మావయ్య పెద్ద కట్టతో వచ్చాడు. ఆకుపచ్చ పాలిథీన్ షీటుని అరిటాకు ఆకారంలో కత్తిరించి, మధ్యలో ఈనెలాగ పసుపు గీత గీయించాడు. ఒకటి నా చేతిలో పెట్టాడు.

"చూడమ్మాయ్. చిరగదు, ఎండదు, వాడదు. కడగక్కర్లేదు కూడా."

"తిన్నాక ఏం చేస్తారు మావయ్యా?"

"పారేస్తారు."

"పారేశాక?"

"పారేశాక మనకెందుకే?" అన్నాడు. ఆయన మొహంలో నిజంగానే ఆశ్చర్యం. ఆ ప్రశ్నకి అర్థం ఉంటుందని ఆయనకి తట్టలేదు.

మర్నాడు పందిట్లో ఆ షీట్లు పరిచారు. అన్నం రాకముందే గాలికి లేచిపోతుంటే జనం మోకాళ్ళతో అదిమిపట్టి కూర్చున్నారు. వేడన్నం పడగానే షీటు ముడుచుకుపోయి ఒకరకమైన వాసన కొట్టింది. మాంసం పులుసు వడ్డిస్తే నిలవలేదు. ఒకరికి పోసింది పక్కవాళ్ళ ఒళ్ళోకి కారింది. పాస్టరుగారి తెల్లబట్టలు ఎర్రబడ్డాయి. మావయ్య వరసల మధ్య తిరుగుతూ, "నేల ఎగుడుదిగుడుగా ఉందండీ, లేకపోతే చుక్క కారదు" అని చెప్పుకొచ్చాడు. తప్పు నేలదట. అమ్మ ఆయనవైపు చూడకుండా ఇంటికి వెళ్ళి, తన కంచంలో ఇంత చారన్నం కలుపుకుని తింది.

అలవాటు ప్రకారం ఎంగిలి షీట్లు కూడా పెంటపోగులోకే వెళ్ళాయి. అలవాటు ప్రకారం గేదెలూ వచ్చాయి. మా ఎదురింటి బాబాయికి ఒకటే పాడిగేదె. అది రెండోరోజు నుంచి నెమరు మానేసింది. పొట్ట ఉబ్బింది. పామర్రు నుంచి పశువుల డాక్టరు వచ్చి మందు పట్టినా లాభం లేకపోయింది. గేదె చచ్చిపోయాక ఆ డాక్టరే పొట్ట కోయించి చూశాడు. గడ్డితో కలిసి ఉండకట్టి, ఆ ఆకుపచ్చ షీట్లు. పసుపు గీతలు కూడా చెరగలేదు. బాబాయి భార్య పాలతెపాళా బోర్లించి గుమ్మంలో కూలబడింది.

కబురందుకుని మావయ్య ఆదివారం వచ్చాడు. బాబాయి మా అరుగు మీదే ఉన్నాడు.

"నా గేదె మీ ఆకులు తిని పోయిందండీ," అన్నాడు నెమ్మదిగా.

"ఆకేదో షీటేదో దానికి తెలియకపోతే నన్నేం చెయ్యమంటారండీ? పశువు పశువే కదా."

అమ్మ కాఫీ గ్లాసు తెచ్చి ఆయన ముందు పెట్టింది. "తెలియకూడదనే కదరా నువ్వు ఆకులాగ కత్తిరించింది," అంది.

మావయ్య కాఫీ పూర్తిగా తాగాడు. గ్లాసు కిందపెట్టి, బస్సుకి టైమవుతోందని వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం అమ్మ మా పెయ్యదూడని తోలుకెళ్ళి బాబాయి కొట్టంలో కట్టేసి వచ్చింది.

వేసవిలో పెంటపోగు తవ్వి బళ్ళకెత్తుతుంటే ఆ షీట్లు మళ్ళీ బయటపడ్డాయి. అంతకుముందు పెళ్ళిళ్ళలో పడేసిన బాదం విస్తళ్ళ ఆనవాలు కూడా లేదు. ఆకు ఏది, పేడ ఏది, మట్టి ఏది అని విడదీయలేం. నల్లగా, మెత్తగా, చేత్తో పట్టుకుంటే పొడిపొడిగా రాలింది. దాని మధ్య షీట్లు వేసినవి వేసినట్టే ఉన్నాయి. బళ్ళో పిల్లలకి ఎరువు గురించి పాఠం చెప్పేదాన్నే గానీ, కుళ్ళడం అంటే ఎంత పెద్ద ఉపకారమో నాకు ఆ రోజు అర్థమయింది.

అమ్మ వాటిని ఏరి, కడిగి, గోనెసంచిలో వేసింది. ఇద్దరం బస్సెక్కి గవర్నర్‌పేట వెళ్ళాం. షాపులో బేరగాళ్ళున్నారు. అమ్మ సంచి ఆయన బల్లమీద గుమ్మరించింది.

"నీ సరుకు నువ్వే ఉంచుకో. మా నేల తీసుకోనంటోంది."

ఆయన సిగ్గుపడతాడనుకున్నాను. జేబురుమాలు తీసి ఒక షీటు తుడిచి, బేరగాళ్ళకి ఎత్తి చూపించాడు.

"చూశారాండీ, ఇన్ని నెలలు పెంటలో పడున్నా చెక్కుచెదరలేదు. అదీ మన క్వాలిటీ."

వాళ్ళు దాన్ని లాగి చూసి, తలలూపి, షీటు చుట్టలు కొనుక్కున్నారు. చదువుకున్నవాళ్ళలాగే ఉన్నారు. నాకు వాళ్ళ మీద కూడా అసహ్యం వేసింది. బస్సులో అమ్మ కిటికీలోంచి కాలవ చూస్తూ, "వాడికి కళ్ళముందు లేనిది లోకంలోనే లేనట్టు," అంది.

మరుసటేడు మావయ్య మళ్ళీ షీట్లిస్తానన్నాడు. పాస్టరుగారు నసుగుతుంటే అమ్మ, "అవే పరిపిస్తానంటే వంట కూడా ఆయన చేతే చేయించుకోండి అయ్యగారూ. మేం ఎవరమూ రాం," అంది. స్త్రీల సమాజమంతా ఆవిడ వెనకే నిలబడింది. పాస్టరుగారికి దేవుడి చిత్తం వెంటనే మారిపోయింది. ఇంటింటా బాదం ఆకులు కోసి, వారం ముందునుంచే విస్తళ్ళు కుట్టాం. బాబాయి భార్య అందరికంటే ఎక్కువ కుట్టింది.

పండుగకి మావయ్య రానేవచ్చాడు. పంక్తిలో కూర్చుని, మా అక్కది పాతకాలపు పట్టుదల అని పక్కవాళ్ళతో చెబుతూ, విస్తట్లో పులుసు పోయించుకుని సుబ్బరంగా జుర్రుకున్నాడు. అమ్మే ఆయనకి వడ్డించింది, తమ్ముడు కదా. నా చేతిలో అన్నం గిన్నె ఉంది. ఆయన మారు అడుగుతూ చెయ్యి చాపితే, విననట్టు పక్క వరసలోకి వెళ్ళిపోయాను.