పాలిచ్చినవాళ్ళకు రాదన్న మాట

మా ఆశక్క పోయింది. ఆ బుధవారం టీకాల డబ్బాలో ఐసు ప్యాకెట్లు సర్దుతుంటే వాళ్ళ ఆయన ఫోన్ చేసి, "నర్సమ్మా, పొద్దుగాల పానం పోయింది" అన్నాడు. అంతే. టీకాలు ఆపడానికి వీల్లేదు. పిల్లలందరికీ సూదులు వేసి నేను వెళ్ళేసరికి అంతా అయిపోయింది. ముప్పై నాలుగేళ్ళ మనిషి.

భద్రాచలం అవతల అడవి పల్లెలకి నేను నర్సును, ఆమె ఆశా కార్యకర్త. తొమ్మిదేళ్ళు నాకు కుడిభుజం. నాది వేంసూరు వైపు, ఎప్పుడో కోస్తా నుంచి వచ్చి పొలాలు కొనుక్కున్న కుటుంబం. కోయ భాష నాకు ముక్క రాదు. నేను తెలుగులో చెబితే ఆమె కోయలో చెప్పేది. నేను రెండు మాటలంటే ఆమె పావుగంట మాట్లాడేది, అందరూ నన్ను చూసి నవ్వేవాళ్ళు. "ఏం చెప్పావే?" అంటే, "నువ్వు జెప్పిందే నర్సమ్మా, జర ఉప్పుకారం ఏసిన" అనేది.

రొమ్ము పరీక్ష చేసే ముందు అరచేతులు రెండూ గట్టిగా రుద్దుకునేది. "సల్లటి చెయ్యి తగిల్తే మనిషి బెదుర్తది. బెదిరినంక ఏం జెప్తది?" అనేది. శిక్షణలో ఎవరూ నేర్పని పాఠం. ఆమెను చూసే నేర్చుకున్నాను.

ఇక నా నిర్వాకం. రొమ్ము క్యాన్సర్ సంగతి నాకు బాగా తెలుసనుకునేదాన్ని. మా అత్తగారికి అరవై రెండో ఏట వచ్చింది. ఆపరేషన్ చేసి రోజూ ఒక మాత్ర వేసుకోమన్నారు. ఇప్పటికీ పెరట్లో తిరుగుతూ నా మీద కేకలేస్తుంది. ఆవిడ పిల్లల్ని డబ్బాపాలతో పెంచింది. ఇంకేం, ఇది వయసు మళ్ళినవాళ్ళ జబ్బు, పాలివ్వనివాళ్ళ జబ్బు అని తేల్చేసుకున్నాను. తల్లిపాలిస్తే ముప్పు కొంత తగ్గుతుందని శిక్షణలో చెప్పారు. ఆ 'కొంత' నా నోట్లో ఎక్కడో జారిపోయింది. "పాలిచ్చినవాళ్ళకు రాదు" అని ఊరూరా చెప్పాను. అడవి పల్లెల్లో పాలివ్వని తల్లి ఉండదు. ఆ మాట వింటే అందరి మొహాలూ తేటపడేవి. నాకూ బాగుండేది.

నిరుడు వానలకు ముందు ఆమే నన్ను పక్కకు పిలిచి, "నర్సమ్మా, ఈడ గింజ లెక్క తాకుతాంది. నొప్పి లేదు" అంది. చూశాను. ఆమె ఆఖరి బిడ్డ పాలు మానేసి అప్పటికి ఆరు నెలలే. "పాలగడ్డ అయ్యుంటుంది, కాపడం పెట్టు. ముగ్గురికి పాలిచ్చావు, నీకెందుకొస్తుందే?" అన్నాను. ఆమె నన్ను నమ్మింది. వానాకాలమంతా కాపడం పెట్టుకుంది. గోదావరి దారులు ముంచి, మళ్ళీ వదిలేనాటికి ఆ గింజ నిమ్మకాయంత అయింది.

ఖమ్మంలో చూపించి, అక్కడినుంచి పట్నం తీసుకెళ్ళాను. పరీక్షల కాగితాలు వచ్చాక, మా అత్తగారు వేసుకునే మాత్ర పేరు నేనే ఎత్తాను. డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది. "పేరొకటే గానీ జబ్బొకటి కాదమ్మా. ఆ మాత్రకు లొంగే రకం వేరు, ఇది వేరు. మన దేశంలో చిన్న వయసువాళ్ళలో ఈ మొండి రకం చాలానే చూస్తున్నాం. పరాయి దేశాల ఆడవాళ్ళను చూసి రాసినవన్నీ మనకు సరిపోవు. మీ అడవి పల్లెలవాళ్ళకు ఎట్లా వస్తుందో విడిగా చూసినవాళ్ళయితే నాకు తెలిసి లేరు" అంది.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో, "గట్లయితే మీ అత్తమ్మది మంచి క్యాన్సరు" అంది ఆశక్క. నన్ను నవ్వించడానికే అంది. నాకు ఆ బస్సు దిగిపోవాలనిపించింది. దిగి ఎక్కడికి పోను?

ఊళ్ళో మాత్రం కడుపులో గడ్డ అని చెప్పింది. ఎందుకే అని అడిగితే, "నీ మాట ఒక్కటి తప్పని తెలిస్తే రేపు టీకాలు గూడ వద్దంటరు నర్సమ్మా. ఇది నేను మోస్త తియ్యి" అంది. నేను ఒప్పుకున్నాను. సిగ్గు విడిచి చెబుతున్నా, లోలోపల హాయిగా కూడా అనిపించింది. ఆమె తిట్టి ఉంటే బాగుండేది. మందులు ఎక్కించుకున్న వారాల్లో కూడా తలకు టవల్ చుట్టుకుని ఇళ్ళు తిరిగింది.

ఆమె పోయిన పదోరోజు ఆ ఇళ్ళకు నేనొక్కదాన్నే వెళ్ళాను. చివరి ఇంట్లో ఒక బాలింత గడపలో కూర్చుని బిడ్డకు పాలిస్తోంది. ఆ పిల్లకు తెలుగు వచ్చు. రొమ్ములో ఏదైనా తగిలితే ఎంత చిన్నదైనా చెప్పమన్నాను.

"మాకు రాదు గద. పాలిచ్చేటోళ్ళకు రాదని ఆశక్క ఎన్నిసార్లు జెప్పిందో" అంది ధీమాగా.

నా మాట ఆమె నోటితో ఎన్ని ఇళ్ళకు చేరిందో, వాళ్ళ భాషలో ఎంత నమ్మకంగా పలికిందో నాకు తెలియదు. చెబితే ఆమె దాచింది బయటపడుతుంది. చెప్పకపోతే ఈ పిల్ల కూడా కాపడం పెట్టుకుంటూ కూర్చుంటుంది.

"వస్తుందమ్మా. ఆశక్క పోయింది దానితోనే" అన్నాను.

"అయితే ఆశక్క అబద్ధం జెప్పిందా?"

"కాదు. ఆమెకు నేను చెప్పాను. తప్పు చెప్పాను."

ఆ పిల్ల పైట బిడ్డ మీదికి లాక్కుని నన్నే చూస్తూ కూర్చుంది. లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు. పైట కింద బిడ్డ గుటకలు వేస్తున్న చప్పుడు మాత్రం వినిపిస్తోంది.