చెల్లెలి పాల గురించి నేనన్న మాట

కణాలను దాటి బయట తిరిగే చిన్న ఆర్‌ఎన్‌ఏ అణువుల మీద తిరుపతిలో ఒక ప్రయోగశాలలో పనిచేస్తున్నాను. ఒక కణం వదిలిన అణువును ఇంకో కణం అందుకుంటుంది. దాంతో ఒంటి రక్షణ వ్యవస్థ ఒకసారి రెచ్చిపోతుంది, ఒకసారి నెమ్మదిస్తుంది. మాకు తెలిసింది కొంచెమే. నలుగురిలో కూర్చుంటే ఆ కొంచెం నా నోట్లో పెద్దదవుతుంది.

పాకాలలో చెల్లెలి ఇంట్లో ఆ ఆదివారం అదే జరిగింది. చెల్లెలికి కీళ్లవాతం, ఒంటి రక్షణే కీళ్ల మీదికి తిరగబడే రకం. కొడుక్కి మూడు నెలలు. భోజనాలయ్యాక ఆమె భర్త నా పని గురించి అడిగాడు. తల్లిపాలలోనూ ఈ అణువులుంటాయని, అవి బిడ్డ ఒంటికి ఏమైనా నేర్పుతాయేమోనని పరిశీలిస్తున్నారని చెప్పాను. "చిన్న చిన్న జాబులనుకోండి" అన్నాను. చెల్లెలి అత్త కూడా చేతిలో పని ఆపి వింది.

"అయితే నా జబ్బు గూడా వానికి రాసి పంపిస్తాండానా అన్నా?" అంది చెల్లెలు, నవ్వుతూనే.

అలా జరుగుతుందని నేనెక్కడా చదవలేదు. ఆ మాటే చెప్పాల్సింది. అందరూ నా వైపే చూస్తుంటే తెలియదనడం నామోషీగా తోచింది.

"ఉండొచ్చు, ఎవరు చూడొచ్చినారు," అని రైలుకు టైమైందని లేచాను.

మూడు వారాల తర్వాత వెళ్తే వంటింటి గట్టు మీద పాలపొడి డబ్బా కనిపించింది.

"ఇదేంది?"

"నువ్వే గదన్నా చెప్పినావు. ఆ పొద్దే మాన్పించినా."

"డాక్టరమ్మను అడగలేదా?"

"ఇంట్లోనే సదువుకున్నోడు ఉండంగా ఆయమ్మను అడిగేదెందుకు?" అంది అత్త. ఎగతాళి కాదు, నమ్మకంతోనే అంది.

అక్కడి నుంచే డాక్టరమ్మకు ఫోన్ చేశాను. కీళ్లవాతానికి తానిచ్చిన మందులు వాడుతూ పాలివ్వొచ్చని ముందే చెప్పాను కదా అని ఆమె కోప్పడింది. మాటిమాటికీ పట్టిస్తూ ఉంటే పాలు మళ్లీ రావచ్చంది. నేనన్న దానికి ఆధారమేదీ లేదని, గొప్ప కోసం అన్నానని అత్త ముందరే చెల్లెలికి చెప్పాను. ఆమె బిడ్డను ఎత్తుకుని గదిలోకి వెళ్లింది.

వసారాలో నిలబడ్డాను. వాడు రొమ్ము పట్టడం లేదు. ఏడుపు ఆగడం లేదు.

"మూడు వారాలు అమ్మ వద్దనె గదా నాయనా," లోపల చెల్లెలు వాడితోనే అంటోంది. "ఆ జాబు మాత్రం నీకు బాగా అందినట్టుండాది."

అత్త పాలసీసా కడగడానికి లేచింది. నేను వెళ్లి పొయ్యి మీద నీళ్లు పెట్టాను.