పాస్టరమ్మగారు తెచ్చిన కబురు

చేపల వ్యాను వెళ్ళిన రోడ్డును కళ్ళు మూసుకుని కూడా గుర్తుపట్టగలను. పెట్టెల్లోంచి కారిన ఐసు నీళ్ళు వేడి తారు మీద పడి, నీచు వాసనా డీజిలు వాసనా కలిసి లేస్తాయి. మొన్న ముదినేపల్లిలో బస్సు కోసం నిలబడి ఉండగా అలాంటి వ్యాను ఒకటి నా ముందు నుంచే వెళ్ళింది. పక్కనున్నావిడ కొంగుతో ముక్కు మూసుకుంది. నాకు మాత్రం ఆ వాసనకి పాస్టరమ్మగారు గుర్తొస్తారు. ఈ మాట తెలిస్తే ఆవిడ "నన్ను తలుచుకోడానికి నీకింకేం దొరకలేదటే?" అని కసిరి ఉండేవారు.

ఆవిడ మా ఊరి చర్చి పాస్టరుగారి భార్య. మా ఊరు గుడ్లవల్లేరు పక్కనే. నాకు ఊహ తెలిసేసరికే పాస్టరుగారు పోయారు గానీ, ఆ పిలుపు మాత్రం ఆవిడకి ఉండిపోయింది. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. గొంతుకి మైకు అక్కర్లేదు. సండేస్కూల్లో మేం నీళ్ళు నములుతూ ఏదన్నా చెప్పబోతే "ముందు ఔనో కాదో చెప్పు, కథ తర్వాత" అనేవారు. ఊళ్ళో సగం మందికి ఆవిడంటే హడల్. నాకూ అంతే, ఆ రోజు దాకా.

నేను అప్పుడు డిగ్రీ చదువుతున్నాను. పొద్దున్నే నాన్న గుడివాడ వెళ్ళడానికి మా వీధి శామ్యూల్ ఆటో ఎక్కాడు. అమ్మ టిఫిను గిన్నెలు కూడా తోమలేదు, ఊరి చివర మలుపు దగ్గర పెద్ద చప్పుడు. చేపల వ్యానూ ఆటో ఎదురెదురుగా గుద్దుకున్నాయన్న మాట వీధంతా పాకిపోయింది. మగవాళ్ళు అటు పరుగెత్తారు. అమ్మా నేనూ బయల్దేరాం గానీ, వీధి మొగలోనే ఆపేశారు. "ఏం కాలేదొదినా, ఇంటికెళ్ళి కూర్చో. కంగారు పడమాక" అన్నాడు ఎదురింటి బాబాయి, అమ్మ మొహంలోకి చూడకుండా.

మా వైపు "కంగారు పడమాక" అంటే ఇక కంగారు పడాల్సిందే. చావు కబురుని ఎవరూ ఉన్నదున్నట్టు చెప్పరు. ఫోన్లో అయితే "కొంచెం సీరియస్‌గా ఉంది, బయల్దేరి రండి" అంటారు. ఎదురుగా అయితే "ఏం కాలేదు" అంటారు. చెప్పేవాళ్ళది మంచి మనసే, కాదనను. మేం ఇంటికొచ్చేసరికి ఆడవాళ్ళు ఒక్కొక్కరే చేరుతున్నారు. ఒకావిడ అడక్కుండానే మా వాకిలి ఊడుస్తోంది. ఎవరో చర్చి హాల్లోంచి ప్లాస్టిక్ కుర్చీలు తెచ్చి వరసగా వేశారు. వాటిని చూడగానే అమ్మ అరుగు మీద కూలబడిపోయి, నాన్న మంచితనాన్ని రాగం తీసి ఏడవడం మొదలుపెట్టింది. కాసేపటి క్రితమే ఆయన్ని చెడామడా తిట్టి పంపిన మనిషి. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, అప్పుడు అమ్మని పట్టుకుని నేనూ ఏడ్చాను. నిజానికి అక్కడున్న ఎవ్వరికీ ఏమీ తెలియదు. ఒకరు ఏడుస్తున్నారని ఇంకొకరు ఏడుస్తున్నారు.

"కరుణా! బతికే ఉన్నాడు!"

పాస్టరమ్మగారు గేటు ఇంకా తియ్యకముందే అమ్మని పేరు పెట్టి పిలిచి అరిచిన మాట అది. తర్వాతే లోపలికొచ్చి, రొప్పుతూ, "కాలు విరిగింది. తల మీద చిన్న దెబ్బ. తెలివిలోనే ఉన్నాడు. అంబులెన్సు ఎక్కించి వస్తున్నా" అన్నారు. ఆవిడ చీర అంచు తడిసి, ఐసు నీళ్ళ నీచు వాసన కొడుతోంది.

అమ్మ నమ్మలేదు. "నా తృప్తి కోసం చెప్తున్నారు అమ్మగారూ" అని ఇంకా గట్టిగా ఏడ్చింది.

"నేనెప్పుడే ఒకళ్ళ తృప్తి కోసం మాట్లాడింది?" అని ఆవిడ విసుక్కున్నారు. "స్ట్రెచర్ మీద పడుకుని నీ మొగుడేమన్నాడో విను. పొద్దున మోటారు వేసి మర్చిపోయాడంట. కట్టెయ్యమన్నాడు."

అందరం ఒక్కసారి నోరు మూశాం. అప్పుడు వినబడింది. ఇంటి వెనక ట్యాంకు పొర్లి, నీళ్ళు రేకుల మీద ధార కట్టి పడుతున్నాయి. ఎప్పట్నుంచి పడుతున్నాయో! అమ్మ పరుగున వెళ్ళి స్విచ్చి కట్టి వచ్చి, "పెరడంతా చెరువు చేసి పోయాడు ఈ మనిషి" అంది, ఏడుస్తూ నవ్వుతూ. అంత తేలికపడిన క్షణం నా జన్మలో ఇంకోటి లేదు.

పాస్టరమ్మగారు నవ్వలేదు. కుర్చీల వైపు చూసి, "ఇవి ఇక్కడ కాదు. శామ్యూల్ ఇంటికి పట్టుకెళ్ళండి" అన్నారు మెల్లగా.

నేనూ ఆవిడ వెనకే వెళ్ళాను. శామ్యూల్ భార్య మార్తక్కకి కూడా అందరూ "ఏం కాలేదు" అనే చెప్పారు. ఆమె ఆస్పత్రికి వెళ్ళడానికి అతని లుంగీలూ తువ్వాలూ సంచిలో సర్దుకుంటోంది. పాస్టరమ్మగారు ఆమెని కూర్చోబెట్టి, రెండు చేతులూ పట్టుకుని, "శామ్యూల్ చనిపోయాడమ్మా. నేను వెళ్ళేసరికే ప్రాణం లేదు. నా కళ్ళతో చూశాను" అన్నారు. వెనక నుంచి ఎవరో "అలా మొహం మీదే చెప్పాలా అండీ?" అన్నారు. ఆవిడ అటు తిరగనైనా లేదు. మార్తక్క ఏడుపు నేను రాయలేను.

సాయంత్రం ఆస్పత్రి వరండాలో ఆవిడని అడిగాను, అలా ఎందుకు చెప్పారని.

"మా ఆయన పామిడిముక్కలలో మీటింగుకెళ్ళి అక్కడే పోయారు. నాకు మాత్రం సీరియస్‌గా ఉందని ఫోన్ చేశారు. బస్టాండులో బత్తాయిలు కొన్నానే, రసం తీసి పట్టొచ్చని. మందులేసుకోనందుకు ఎలా కోప్పడాలా అని దారంతా ఆలోచించుకుంటా వెళ్ళాను. దిగేసరికి షామియానా వేసుంది. నా మొగుడు పోయాడని అందరికన్నా ఆఖర్న తెలిసింది నాకు."

అప్పుడు నా మనసులో మాట చెప్పాను. "నాన్న బతికాడని సంతోషంగా ఉందండీ. మార్తక్కని తలుచుకుంటే సిగ్గేస్తోంది."

"సంతోషపడు. సిగ్గెందుకు? రేపెళ్ళి ఆమె పక్కన కూర్చో" అన్నారు. వెళ్ళాను. ఆ రోజు మొదలు ఇప్పటిదాకా మార్తక్క నాకు అక్కే.

ఇప్పుడు నేను బందరులో స్కూలు టీచర్ని. ఏ పిల్లో ఆటల్లో పడితే ఇంటికి ఫోన్ చేసి, "మీ అమ్మాయి బానే ఉందండీ" అన్నాకే నా పేరు చెప్తాను. స్టాఫ్‌రూమ్‌లో నవ్వుతారు. నవ్వుకోనీ.

పోయినేడు ఒక మధ్యాహ్నం నాన్న ఫోన్ చేశాడు. "మేమిద్దరం బానే ఉన్నామమ్మా. పాస్టరమ్మగారు చనిపోయారు. నిద్దట్లోనే" అన్నాడు. బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. ఇంకా ఉన్నారేమోనన్న ఆశ లేదు, ఏమైందోనన్న దడ లేదు. పెడన దాటేదాకా ఆవిడ కోసం కరువుతీరా ఏడ్చాను.

నేను వెళ్ళేసరికి అక్కడ తర్జనభర్జన పడుతున్నారు. అవనిగడ్డలో ఉన్న ఆవిడ చెల్లెలికి ఇంకా కబురు చెప్పలేదట. పెద్దావిడ, ఒక్కతే రావాలి, సీరియస్‌గా ఉందని చెబుదాం అంటున్నారు. ఫోన్ ఇటివ్వమన్నాను.

"పిన్నిగారూ, మీ అక్కగారు చనిపోయారండీ. నిద్రలోనే పోయారు. బాధపడలేదు."

చెప్పి తప్పు చేశానా అనుకుంటూ ఫోన్ చెవికి నొక్కి పట్టుకున్నాను.

"మంచి పని చేశావమ్మా చెప్పి" అంది చివరికి ఆ గొంతు. "ఏడ్చుకుంటూ వస్తాను."