మిరప మండీలో ఎత్తు బల్ల

విరుదునగరు మండీ వీధిలోకి తిరగగానే ఎండుమిరపకాయల ఘాటు ముక్కుకు తగిలింది. తుమ్ము వచ్చింది. తుమ్ము వెనకే, ఎప్పటిలాగే, ఆండాళమ్మ గుర్తుకొచ్చింది. ఆ ఉదయం ఒక కల్యాణ మండపంలో మా జిల్లా పాత కంప్యూటరు పనివాళ్ళందరం కలిశాం. తలలు నెరిసినవాళ్ళు కాఫీ తాగుతూ అనుభవాలు సరిపోల్చుకున్నారు. ఒకాయన కార్డులకు చిల్లులు పొడిచిన కాలం నుంచి ఉన్నాడట. ఇంకొకాయన ఉద్యోగమంతా బ్యాంకు యంత్రాల దగ్గరే గడిచిందట. నా వంతు రాగానే ఎన్నేళ్ళో చెప్పాను. చాలా ఎక్కువే అన్నారు. ఏళ్ళు లెక్కబెట్టడం ఆండాళమ్మకు గిట్టేది కాదు. ఆమె అడిగే ప్రశ్న వేరు.

ఆమెది శ్రీవిల్లిపుత్తూరు వైపు నేతపని కుటుంబం. కోవిల్‌పట్టిలో ఒక మేడ మీద కంప్యూటరు సెంటరు నడిపేది. వ్యాపారులకు ప్రోగ్రాములు రాసి ఇచ్చేది. మాది పుదూరు వైపు నల్లరేగడి ఊరు. మమ్మల్ని జమీను ఇంటివాళ్ళని పిలిచేవాళ్ళు. భూమి పోయింది, పిలుపు మిగిలింది. మా తాత ఒక పొలం గట్టు విషయంలో పదిమంది ముందు తప్పు మాట అన్నాడు. తప్పని ఆయనకూ తెలుసు. అయినా వెనక్కి తీసుకోలేదు. ఆ ఒక్క మాటను నిలబెట్టడానికి కోర్టుల చుట్టూ తిరిగి చేలన్నీ కరగబెట్టాడు. మా ఇంట్లో దాన్ని తప్పు అనరు, పరువు అంటారు.

ఉద్యోగం కోసం ఆమె ముందు నిలబడి, అడగకుండానే ఇంటి సంగతి చెప్పాను. నేను మాట్లాడిన తమిళంలో తెలుగు యాస వినీ వినగానే ఆమె తెలుగులోకి మారింది.

"మీ తాత వస్తే ఆయనకి వేరే కుర్చీ వేపిస్తా. నువ్వు దీంట్లో కూసో అప్పా."

కూర్చున్నాను. ఆ రోజు నుంచి ఆమెకు నేను 'జమీను'. ఆమె నాకు మేడం.

కొంతకాలానికి ఈ వీధిలోని ఒక పెద్ద మిరప మండీ పని మాకు వచ్చింది. మా సెంటరు నిలవాలంటే ఆ పని నిలవాలి. ఆ సంగతి ఆమె దాచలేదు. మండీ యజమానిని వీధిలో అందరూ అణ్ణాచ్చి, అంటే అన్నగారు, అనేవాళ్ళు. ఆయన నేల మీద పరుపేసుకుని, చిన్న వాలుబల్ల ముందు కూర్చుని వ్యాపారం చేసేవాడు. కంప్యూటరు కూడా ఆ వాలుబల్ల పక్కనే పెట్టమన్నాడు. ఆండాళమ్మ ఒప్పుకోలేదు. ఎత్తయిన బల్ల, కుర్చీ చేయించి హాలు మధ్యలో వేయించింది.

"మా నాయన బతుకంతా మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకొని కూసున్నాడు. నా మిషను నేల మీద ఉండదు జమీనూ," అంది నాతో. ఆ మాట నాకు నచ్చింది. అది మా ఇంటి మాటలా వినిపించింది.

ఆ మండీలో ధర నోటితో చెప్పరు. అమ్మేవాడూ కొనేవాడూ తువ్వాలు కింద చేతులు కలిపి, వేళ్ళు పట్టుకుని బేరం తేల్చుకుంటారు. పక్కవాడికి తెలియదు. మొదటి రోజు అణ్ణాచ్చి తువ్వాలు కింద ఒక బేరం ముగించి నా చెవిలో ధర చెప్పాడు. నేను ఎక్కించాను. ఎత్తు బల్ల మీది తెరలో ఆ ధర హాలంతటికీ కనిపించింది. తర్వాత మూటలు దించిన రైతు తువ్వాలు కింద చెయ్యే పెట్టలేదు.

"వేళ్ళు ఎందుకు అణ్ణాచ్చీ, అదిగో టీవీలోనే వేసినారే," అన్నాడు.

హాలంతా నవ్వింది. అణ్ణాచ్చి నవ్వలేదు. భుజం మీది తువ్వాలు తీసి తెర మీద కప్పాడు. "ఇంక మీరు పోయి రండి," అన్నాడు.

కోవిల్‌పట్టి బస్సులో నేనే మాట్లాడాను. "మన ప్రోగ్రాములో తప్పు లేదు మేడం. రేపు గట్టిగా చెప్దాం."

ఆమె కిటికీలోంచి చూస్తూ, "ప్రోగ్రాములో లేదు," అంది.

మరునాడు ఆమె మండీలోకి పోయి చెప్పులు విడిచింది. రైతులూ దళారులూ చూస్తుండగా బల్ల, కుర్చీ బయట పెట్టించింది. పరుపు పక్కన, మగ్గం ముందు కూర్చున్నట్టు, నేల మీద నిటారుగా కూర్చుంది.

"తప్పు నాది అణ్ణాచ్చీ. మీరు చెప్తిరి, నేను వినలే. మిషను మీ పక్కనే, మీకు మాత్రం కనబడేటట్టు పెడతా. పని నాకు ఇచ్చేదీ మానేదీ మీ ఇష్టం."

అణ్ణాచ్చి ఒక మిరపకాయ తుంచి గింజలు చూశాడు. తర్వాత లోపలికి చూసి, "కంప్యూటరమ్మకి కాపీ తెండి. ఆ నిలబడిన దొరకి కూడా," అన్నాడు. నిలబడినవాణ్ణి నేనే.

తిరుగు ప్రయాణంలో అడిగాను. "అందరి ముందరా చెప్పాల్నా?"

"అందరి ముందర చేస్తిని కదప్పా. సాటుగా సరిచేస్తే ఎట్లా?" అంది. కాసేపటికి మళ్ళీ తనే అంది: "మా నాయన గుంతలో కూసున్నది బట్ట కోసం. నేను బల్ల ఎక్కించింది నా కోసం."

"సరే అక్కా," అన్నాను. మేడం అనే పిలుపు అక్కడితో ఆగిపోయింది.

తర్వాత ఎవరైనా తమ అనుభవం ఇన్నేళ్ళని చెప్పుకుంటే ఆమె, "ఎన్ని తూర్లు తిరిగి పోయి సరిచేసినావు?" అని అడిగేది. చాలామంది నవ్వి మాట మార్చేవాళ్ళు. ఆమె పోయి కొన్నేళ్ళయింది. మండీలో ఇప్పుడు ధరలు అందరి ఫోన్లలోనూ ఉన్నాయి. తువ్వాలు భుజం మీదే ఉంటోంది.

కల్యాణ మండపంలో ఆ ప్రశ్న నేను అడగలేదు. కానీ ఎక్కడ కొత్త పని ఒప్పుకున్నా ముందు అక్కడి మనిషి కూర్చునే చోట కాసేపు కూర్చుంటాను. తప్పు జరిగితే, జరిగిన చోటికే పోయి చెబుతాను. మోకాళ్ళు ఇప్పుడు సులభంగా మడతపడవు. అయినా నేల అయితే నేలే. నేల మీద కూర్చున్నా వెన్ను వంగనక్కరలేదని ఆ మండీలో చూశాను. మా తాతకు ఆ సంగతి చూపించినవాళ్ళు లేరు.