రెండు గీతల దీర్ఘం

చెన్నై బీచ్ స్టేషన్‌లో లోకల్ రైలెక్కి కోడంబాక్కం వెళ్తున్నాను. పక్క సీట్లో ఒక పెద్దావిడ తమిళ లిపి పుస్తకంలో ఏదో మంత్రం చదువుతూ మధ్యలో ఆగి, "ఛ, మళ్ళా తప్పు" అని తెలుగులో తనను తానే కసురుకుంది. నాకు నవ్వొచ్చింది. అలా మాట కలిసింది.

ఆవిడది చెన్నైలోనే తొండియార్‌పేట. తరతరాలుగా ఇంట్లో తెలుగే, చదువు మాత్రం తమిళం. కోడంబాక్కంలో కొందరు ఆడవాళ్ళు చేరి వేదమంత్రాలు నేర్చుకుంటున్నారట. ఆ రోజు మొదటిసారి అందరి ముందూ ఆవిడ ఒక్కతే చెప్పాలి.

"ఈడ చూడు మా. అక్షరం కింద గీతుంటే గొంతు దించాల. పైన నిలువు గీతుంటే ఎత్తాల. రెండు గీతలుంటే ఎత్తి సాగదీయాల. ఆడే నాకు ఊపిరి చాలటం లే."

ఆ ఎత్తుపల్లాలు పూజారుల గొంతు తీరేమో అనుకునేదాన్ని. వాటికి గుర్తులుంటాయని అప్పుడే తెలిసింది.

"నాకు తమిళం రాదు కానీ గీతలు తెలుస్తాయి కదా, మీరు చెప్పండి," అన్నాను. గీత గీతకూ వేలు పెడుతూ పోయాను. మొదటిసారి ఆవిడ ఊపిరి మధ్యలోనే తెగింది. రెండోసారి రెండు గీతల దగ్గర గొంతు పైకి లేచి, వణకకుండా నిలబడింది. ఎదురు సీటావిడ పూలు కట్టడం ఆపి వింటోంది.

తలెత్తి చూస్తే రైలు కోడంబాక్కం దాటిపోతోంది.

"అయ్యో, మన స్టేషన్ పోయిందండీ!"

"పోనీ మా, టైమ్ ఉంది. మాంబళంలో దిగి వెనక్కి వస్తాం. దీర్ఘం వచ్చిందా లేదా, అది చెప్పు!"