షాంగై గుంట

రెండో ప్రపంచయుద్ధం మొదలైంది పోలండులో కాదని, అంతకు రెండేళ్ల ముందే చైనాలో అని ఇప్పుడు కొందరు చరిత్రకారులు అంటున్నారన్న కబురు నాకు మొదట తెచ్చింది మా పక్కింటి సునీత. బందరులో కాలేజీ పిల్లలకు చరిత్ర చెబుతుంది. ఊరినుంచి తెచ్చిన ఎండు రొయ్యలు నా గిన్నెలో పోస్తూ, మాటల్లో మాటగా చెప్పి వెళ్లిపోయింది. ఆ వాసన, ఆ మాట ఒకేసారి వచ్చేసరికి నేను గిన్నె పట్టుకుని అక్కడే కూర్చుండిపోయాను.

చిన్నప్పుడు కాలు బాగోక నేను బడికి వెళ్లలేదు. నాగాయలంకలో, ఉప్పుగాలికి రొయ్యలు ఎండే వాకిట్లో, కర్రతో కాకుల్ని తోలుతూనే నానమ్మ నాకు బైబిలు ఒళ్లో పెట్టి అక్షరాలు, వామనగుంటలు తవ్వి భూగోళం నేర్పింది. ఒక్కో గుంటకు ఒక్కో రేవు పేరు. బందరు, రంగూను, సింగపూరు, షాంగై. చింతపిక్కలు ఒక్కొక్కటే వేసుకుంటూ పోతుంటే ఆమె తమ్ముడు యాకోబు వెళ్లిన దారంతా నా వేళ్లకు తెలిసిపోయేది. ఓడలో బొగ్గు వేసే పనికి వెళ్లి, షాంగై రేవు మీద బాంబులు పడ్డ రోజున ఆయన పోయాడు. ఆ గుంటలో పడ్డ పిక్కల్ని నానమ్మ ఆటలో తీసుకునేది కాదు.

ఏటా నవంబరులో, చేలు పండి ఊరంతా వరి వాసన వేసే రోజుల్లో, ఒక ఆదివారం మా చర్చిలో యుద్ధంలో పోయిన ఊరివాళ్ల పేర్లు చదివేవారు. నలుగురు. యాకోబు పేరు ఉండేది కాదు. మా పాస్టరు అయ్యగారు మంచివారే. మా అరుగు మీద కూర్చుని, యుద్ధం పోలండులో మొదలైందనీ, అప్పటికి యాకోబు పోయి రెండేళ్లయిందనీ ప్రతిసారీ ఓపిగ్గా చెప్పేవారు.

"ఆ ఊరు మా గుంటల్లో లేదండీ అయ్యగారూ," అనేది నానమ్మ. "మా తమ్ముడి మీద బాంబులేసినోళ్లు యుద్ధం మొదలెట్టకుండానే వేశారా?"

అయ్యగారు నవ్వి మజ్జిగ అడిగేవారు.

నా పదో ఏట ఆ పేర్లు చదివే పని నాకిచ్చారు. ముందురోజు సాయంత్రం నానమ్మ నా తల దువ్వుతూ, "ఆఖర్న తమ్ముడి పేరు కూడా అనేయవే. ఎవరూ ఏమీ అనర్లే," అంది. సరేనన్నాను. తీరా చాపల మీద కూర్చున్న జనాన్ని, అయ్యగారి ముఖాన్ని చూసేసరికి ధైర్యం చాలలేదు. నాలుగు పేర్లూ చదివి ఆగాను. నానమ్మ తల వంచుకుని, కళ్లు మూసుకుని, ఇంకా వింటూనే ఉంది. నేను కాగితం మడిచేశాను.

ఇంటికొచ్చాక నా కంచంలో రొయ్యల వేపుడు రెండోసారి వడ్డించి, "బాగా చదివావమ్మా," అంది. ఆ తర్వాత ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

ఇప్పుడా చర్చి పడగొట్టి కొత్తది కట్టారు. పేర్లు చదవడం ఎప్పుడు మానేశారో కూడా ఎవరికీ గుర్తులేదు. మా వాకిలి రొయ్యల చెరువులో కలిసిపోయింది. నువ్వన్నదే ఇప్పుడు చదువుకున్నవాళ్లూ అంటున్నారు నానమ్మా అని చెబుదామంటే, ఆమె లేదు, అయ్యగారూ లేరు, ఆ వాదన విన్నవాళ్లలో నేనొక్కదాన్నే మిగిలాను. నాకు అక్షరాలిచ్చి, ఇంత ఆయుష్షిచ్చి, ఈ కబురు వినిపించిన దేవుడికి స్తోత్రం. యుద్ధం ఎక్కడ మొదలైందో పెద్దలు తేల్చుకుంటారు. ఇది చదువుతున్న మీరు మాత్రం, ఆ రోజు నేను చదవని ఐదో పేరు ఒక్కసారి పైకి అనండి: నాగాయలంక యాకోబు.